పెరట్లో ముళ్ళ అనాస: రెండు వానాకాలాలు దాటినా పూత లేదు, ఒక వరుస మాత్రం పసుపుబారుతోంది

ప్రశ్న (గృహిణి, విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరం ఊరి చివర గరువు నేలలో మా ఇల్లు ఉంది. ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి పెరట్లో, సీతంపేట సంత నుంచి మా మావయ్యగారు తెచ్చి ఇచ్చిన అనాస పిలకలను నిరుడు వానలు మొదలయ్యే ముందు రెండు వరుసలుగా నాటాము. ఆకు అంచు పొడవునా రంపపు పళ్ళలాంటి ముళ్ళున్న రకమిది. ఒక వరుస మునగచెట్టు పక్కన, కాస్త ఎత్తున ఉంది. రెండో వరుస పెరటి గోడ వారన, స్నానాలగది నీరు పోయే కాలువకు దగ్గరగా ఉంది.

మునగ పక్కనున్న మొక్కలు ముదురాకుపచ్చ రంగులో దిట్టంగా ఎదిగాయి. గోడ పక్కవాటికి లేత ఆకులు పసుపుబారి, మధ్యమధ్య ఆకుపచ్చ మచ్చలతో కనిపిస్తున్నాయి. రెండు మూడు మొక్కలైతే ఎదుగుదల ఆగి ముడుచుకుపోయాయి. అన్నిటికీ ఒకే రకంగా పశువుల గత్తం వేశాము, కట్టెల పొయ్యిలోని బూడిద కూడా అరటికి వేసినట్టే వీటి మొదట్లోనూ వేస్తున్నాము. నీరు బోరుది. బకెట్ల అడుగున తెల్లటి చార కట్టే నీరు అది.

రెండు వానాకాలాలు దాటినా ఒక్క మొక్కా పూత పట్టలేదు. ఇంట్లో చిన్నపిల్లవాడు ఉన్నాడు, ముళ్ళు గీసుకుంటాయని, పాములు చేరతాయని పెద్దవాళ్ళు వీటిని పీకేయమంటున్నారు. నాకు మాత్రం పీకేయాలని లేదు. ఆకుల అంచులు కత్తిరించి ముళ్ళు తీసేయవచ్చా? గోడ పక్క వరుసకు వచ్చిన తెగులు ఏమిటి? పూత ఎందుకు రాలేదు? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 (ఉద్యాన శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, పాలకొండ)

అమ్మా, మొక్కలను దయచేసి పీకవద్దు. మీరు రాసిన వివరాలలోనే సగం జవాబు ఉంది. ఒకే సంతలో కొన్న పిలకలు, ఒకే రోజున నాటినవి, ఒకే గత్తం తిన్నవి, ఒక వరుసలో దిట్టంగా ఉండి రెండో వరుసలో పాలిపోయాయంటే లోపం పిలకలో లేదు, నిలబడిన చోటులో ఉంది.

అనాసకు వేళ్ళు లోతుగా పోవు. నేల పైపొరలోనే, జానెడు రెండు జానల లోతులో గుబురుగా పరుచుకుంటాయి. ఆ పొరలో గాలి ఆడినంతకాలం మొక్క ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది. మిగతా పంటల ఆకులు పగలు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. అనాస ఆకు ఆ పని చాలావరకు రాత్రి చల్లదనంలో కానిచ్చి, పగలు రంధ్రాలు మూసుకుంటుంది. అందువల్ల దాని ఒంటిలోని నీరు ఎండకు ఆవిరి కాదు. ఇంత పొదుపుగా బతికే మొక్కకు స్నానాలగది కాలువ పక్కన రోజూ తడిసే నేల ఇస్తే వేళ్ళకు ఊపిరాడక కుళ్ళిపోతాయి. అనాసను నీటి ఎద్దడితో పోగొట్టుకున్న ఇళ్ళకంటే నీరు నిలవడం వల్ల పోగొట్టుకున్న ఇళ్ళనే నేను ఎక్కువగా చూశాను.

పసుపు రంగుకు ఇంకొక కారణం కూడా కలిసి ఉండవచ్చు. ఈ మొక్క పులుపు నేలను కోరుతుంది. ఉదజని సూచిక (pH) 5 నుంచి 6 మధ్య ఉంటే దానికి హాయి. మన ఎర్ర గరువు నేలలు మామూలుగా దానికి బాగానే సరిపోతాయి, కానీ మీరు వేస్తున్న బూడిదా, తెల్లచార కట్టే బోరు నీరూ రెండూ నేలను సున్నపు గుణం వైపు తీసుకుపోతాయి. అరటికి మేలు చేసే బూడిద అనాసకు పనికిరాదు. సున్నపు గుణం పెరిగిన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అప్పుడు ముదురాకులు పచ్చగానే ఉండి, లేత ఆకులే మీరు చెప్పిన మచ్చలతో పసుపుబారతాయి. నత్రజని చాలకపోతే ముందు ముదురాకులు పాలిపోతాయి. ఈ తేడా చూసుకుంటే యూరియా వేయాలా వద్దా అన్న అనుమానం తీరుతుంది.

కాబట్టి ముందు ఒక పరీక్ష చేయండి. ముడుచుకుపోయిన మొక్కల దగ్గర కూర్చుని, మొవ్వులోని నడిమి ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో అది బిగుతుగా ఉండి రాదు. వెన్నలోంచి వచ్చినట్టు సులువుగా ఊడి వచ్చి, దాని మొదలు మెత్తగా, గోధుమ రంగుకు తిరిగి దుర్వాసన కొడితే అది మొవ్వకుళ్ళు. నిలవనీటిలో పెరిగే శిలీంధ్రం తెచ్చే తెగులు అది. అలాంటి మొక్కను మట్టితో సహా తీసి దూరంగా పారవేయాలి, ఆ గుంటలో వెంటనే మరొకటి నాటకూడదు. ఆకు బిగుతుగానే ఉండి రంగు మాత్రమే పాలిపోయి ఉంటే భయం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా పిచికారీ చేసి, కొన్ని వారాల తర్వాత కొత్త ఆకు రంగు చూసి మళ్ళీ ఒకసారి కొట్టండి. అనాస ఆకుల మొదళ్ళలో దొన్నెలాగా నీరు నిలిచే చోటు ఉంటుంది, మొక్క అక్కడినుంచి కూడా పోషకాలు తీసుకోగలదు.

ఇంకొకటి కూడా చూడండి. ఆకులు ఎర్రబారి, చివరలు ఎండుతూ లోపలికి ముడుచుకుంటూ ఉంటే, మొదట్లో చీమలు తిరుగుతూ ఉంటే, ఆకు మడతల్లో తెల్లటి పిండినల్లి ఉందేమో వెతకండి. చీమలే పిండినల్లిని ఒక మొక్క నుంచి మరొక మొక్కకు మోసుకుపోతాయి. చీమలను అదుపు చేయకుండా పిండినల్లిని ఎంత కడిగినా మళ్ళీ వస్తుంది.

స్నానాలగది నీటిని ఈ వరుస నుంచి తప్పించండి. వేరే దారి లేకపోతే ఆ నీటిని అరటి వైపు మళ్ళించండి, అది ఆనందంగా తాగుతుంది. బూడిద వేయడం ఆపేయండి. ఎరువు సంగతికి వస్తే మొక్కకు ఏడాదికి 12 గ్రాముల నత్రజని, 4 గ్రాముల భాస్వరం, 12 గ్రాముల పొటాష్ సరిపోతాయి. అంటే సుమారు 26 గ్రాముల యూరియా, 20 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. యూరియాను ఒకేసారి కాక రెండు నెలలకొక దఫాగా ఐదారు సార్లు వేస్తే వృథా కాదు. వీలైతే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీకు దగ్గరలోని భూసార పరీక్షా కేంద్రంలోనో ఆ వరుస మట్టిని పరీక్షకు ఇవ్వండి.

పూత గురించి మీరు కంగారు పడవలసిన పని లేదు. పిలక నాటిన అనాస కాయ చేతికి రావడానికి ఏడాదిన్నర పడుతుంది, పండు మీది కిరీటం నాటితే రెండేళ్ళ వరకూ పడుతుంది. మొక్క తనంతట తాను పూతకు తిరగాలంటే పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడాలి. కిందటి చలికాలానికి మీ మొక్కలు ఇంకా పసివి. ఆకులు చాలినన్ని లేకపోవడంతో చలి వచ్చినా అవి పూతకు తిరగలేకపోయి ఉంటాయి. ఒక చలికాలం తప్పిపోయిన మొక్క మామూలుగా మళ్ళీ చలికాలం వచ్చేదాకా ఆగుతుంది. మునగ పక్క వరుసలో ఒక్కో మొక్కకు ముప్పై ఐదు నుంచి నలభై ఆకులు ఉన్నాయేమో లెక్కపెట్టి చూడండి. ఉంటే ఈ పుష్య, మాఘ మాసాల్లో మొవ్వు మధ్య ఎర్రగా తిరగడం మీరే చూస్తారు.

జవాబు 2 (కొబ్బరి రైతు ఇంటి నుంచి, కవిటి, ఉద్దానం)

చెల్లెమ్మా, మాస్టారు నేల సంగతి పూర్తిగా చెప్పేశారు. నేను ముళ్ళ సంగతి, నీడ సంగతి చెబుతాను.

ఆకు అంచులు కత్తిరించవద్దు. మొక్క తన తిండిని ఆ ఆకులోనే వండుకుని మొదట్లో దాచుకుంటుంది, కాయ సైజు ఆ దాచుకున్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. అంచు పొడవునా కోస్తే ఆ కోత ఎండిపోయి ఆకు ముడుచుకుంటుంది, తెగుళ్ళకు దారి ఏర్పడుతుంది. మీకు ముళ్ళు లేని రకమే కావాలంటే క్యూ రకం ఉంది. దానికి ఆకు కొసలోనూ మొదట్లోనూ కొద్దిగా తప్ప ముళ్ళుండవు, పండు కూడా కిలోన్నర నుంచి మూడు కిలోల దాకా తూగుతుంది. మీ దగ్గరున్నది అంచంతా ముళ్ళున్నది కాబట్టి క్వీన్ తరగతికి చెందినదై ఉంటుంది. పండు కిలో అటూఇటూగానే ఉన్నా, కండ ముదురు పసుపు రంగులో, కరకరలాడుతూ, క్యూ కంటే తియ్యగా ఉంటుంది. కేరళలోని వాళకుళం ప్రాంతంలో పేరు పొందిన మారిషస్ రకం కూడా ఈ ముళ్ళ జాతిదే. ఇంటి అవసరానికి నన్ను అడిగితే ముళ్ళున్నదే నాటుకోమంటాను. చిన్న కుటుంబం ఒక పూటలో తినేయగల పండు, పైగా వాసన గది అంతా నిండుతుంది.

పిల్లవాడి కోసం మొక్కకూ నడిచే దారికీ మధ్య రెండు మూరల చోటు వదలండి. ఆ చోట్లో పసుపో, అల్లమో వేసుకుంటే పిల్లలు అటు పోరు, నేలా ఖాళీగా ఉండదు. కలుపు తీసేటప్పుడు పాత గోనెసంచిని ఆకుల మీద కప్పి ఒక పక్కకు ఒత్తిపట్టుకుంటే చేతులు గీసుకోవు. నిండు చేతుల చొక్కా వేసుకోవడం మరవకండి, లేకపోతే ముళ్ళు చేతిని గీరుతాయి.

పాముల మాటకు వస్తే, అవి అనాస వాసనకు రావు, ఎలుకల కోసం వస్తాయి. ఎండుటాకులు పేరుకుని, పిలకలు గుంపుగా పెరిగి, అడుగున చెయ్యి పట్టనంత గుబురుగా ఉన్నచోట ఎలుకలు ఈనతాయి. మొక్కల అడుగు శుభ్రంగా ఉంచి, అక్కర్లేని పిలకలు తీసేస్తూ ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. రాత్రిపూట మాత్రం లైటు లేకుండా అటు పోవద్దు. ఇది అనాసకనే కాదు, ఏ పాదుకైనా పాటించవలసిందే.

నీడ గురించి మా అనుభవం ఒకటి ఉంది. కొబ్బరి తోటల్లో పలచని నీడ కింద అనాస చక్కగా వస్తుంది, అందుకే దాన్ని అంతర పంటగా వేస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపు తీరం దాటినప్పుడు మా తోటలో కొబ్బరిచెట్లు వరుసలకు వరుసలు నేలకొరిగాయి. నేలను అంటిపెట్టుకుని ఉన్న అనాసలు గాలికి చలించలేదు, కానీ నెత్తిన నీడ పోయి మరుసటి వేసవిలో ఆకులన్నీ ఎరుపు కలిసిన పసుపు రంగుకు తిరిగాయి. కాయలకు ఒక పక్క ఎండదెబ్బ తగిలి తొక్క తెల్లబారి, లోపల కండ మెత్తబడింది. అప్పటినుంచి కాయ పెరిగే రోజుల్లో పడమటి ఎండ తగిలే మొక్కలకు ఎండుగడ్డి కప్పడమో, దాని ఆకులనే పైకి తీసి కాయ చుట్టూ వదులుగా కట్టడమో చేస్తున్నాము. మీ మునగ నీడ పలచనిదే కాబట్టి ఇబ్బంది లేదు. మామిడి కింద, పనస కింద చిక్కని నీడలో మాత్రం నాటకండి. అక్కడ ఆకు పొడవుగా సాగుతుంది, కాయ ఆలస్యం అవుతుంది.

జవాబు 3 (యువ రైతు, బొబ్బిలి)

ఇంకో చలికాలం దాకా ఆగడం ఎందుకని నా ఉద్దేశం. తోటల్లో అనాసను ఎథెఫాన్ ఉండే మందు ఎథ్రెల్‌తో పూత పట్టిస్తారు. మొక్కకు 39 నుంచి 42 ఆకులు వచ్చిన దశలో, పది లీటర్ల నీటికి 25 పీపీఎం (పది లక్షల పాళ్ళకు 25 పాళ్ళు) వచ్చేలా, అంటే అర మిల్లీలీటరుకు కాస్త అటూఇటూగా 39 శాతం ఎథెఫాన్ మందు, 200 గ్రాముల యూరియా, 4 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపి, ఒక్కో మొక్క మొవ్వులో 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే సుమారు నలభై రోజుల్లో పూమొగ్గ కనబడుతుంది. అన్ని కాయలూ ఒకేసారి కోతకు వస్తాయి. గోడ పక్కవి కోలుకున్నాక వాటికి కూడా ఇదే చేయవచ్చు.

జవాబు 4 (సీతంపేట వైపు నుంచి)

బొబ్బిలి తమ్ముడు చెప్పిన లెక్క సరైనదే, అమ్మే తోటకు అది అవసరం కూడా, ఎందుకంటే లారీ నిండాలంటే కాయలన్నీ ఒక్కసారి రావాలి. ఇంటి పెరటికి మాత్రం అది వద్దని నా మాట. పెరట్లో ఉన్నవి పది పాతిక మొక్కలు. అన్నీ ఒకే వారంలో పండితే ఇంటిల్లిపాదీ తినలేరు. చలికి వాటంతట అవి పూస్తే ఒకటి ముందు, ఒకటి వెనుకగా నెల నెలన్నర పాటు పండ్లు దొరుకుతాయి. పసిమొక్కకు మందు పోసి తొందరపెడితే కాయ గుప్పెడంతే వస్తుంది.

మా వైపు కొండవాలుల్లో సవర గిరిజనులు ఎన్నో తరాలుగా అనాస పెంచుతున్నారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు సీతంపేట అందులోకి వెళ్ళింది, అయినా సంతకు వచ్చే కొనుగోలుదారులు చాలామంది దీన్ని ఇప్పటికీ శ్రీకాకుళం అనాస అనే అడుగుతారు. ఆ వాలుల మీద మొక్కకు ఎవరూ నీరు పెట్టరు. ఎంత వాన కురిసినా నీరు ఒక్క ఘడియ నిలవకుండా దిగిపోతుంది, ఆకు రాలి కుళ్ళిన మట్టి పులుపు గుణంతో మెత్తగా ఉంటుంది. మీరు పెరట్లో కల్పించవలసింది ఆ వాలునే. అడుగు ఎత్తున మట్టిని బోదెలాగా పోసి, దాని నెత్తిన మొక్కను పెట్టి, చుట్టూ ఎండుటాకులు పరిస్తే చాలు.

పూత వచ్చే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి చూసేవారు దాన్ని తెగులనుకుంటారు. ముందు నడిమి ఆకులు పొట్టిగా అయి, వాటి మొదళ్ళు కుంకుమరంగుకు తిరుగుతాయి. ఆ మధ్యలోంచి మొక్కజొన్న కండె కొసలాంటి మొగ్గ లేస్తుంది. దాని మీద ఊదారంగు చిన్న పువ్వులు కింది వరుస నుంచి మొదలై పైకి, రోజుకు కొన్ని చొప్పున విచ్చుతూ పోతాయి. ఒక్కో కండె మీద నూరు నుంచి రెండువందల దాకా పువ్వులుంటాయి. ప్రతి పువ్వూ వాడిపోయిన చోట ఒక కన్ను ఏర్పడి, ఆ కళ్ళన్నీ కలిసిపోయి ఒకే పండుగా మారతాయి. ఫలదీకరణం లేకుండానే కాయ కడుతుంది కాబట్టి తేనెటీగలు రాలేదని బెంగ వద్దు. ముళ్ళ రకానికీ క్యూ రకానికీ మధ్య పుప్పొడి మారితే మాత్రం కండలో చిన్న గట్టి గింజలు పడవచ్చు, అందుకని రెండు రకాలనూ పక్కపక్కన పెంచకపోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారి మరుమాట

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే మొవ్వు ఆకు లాగి చూశాను. ముడుచుకుపోయిన వాటిలో కాలువకు మరీ దగ్గరగా ఉన్న రెండు మొక్కల ఆకులు చేతికి వచ్చేశాయి, వాసన కూడా ఉంది. వాటిని తీసేశాము. మిగతావి బిగుతుగానే ఉన్నాయి. మునగ పక్కవాటికి చాలావరకు నలభైకి దగ్గరగా ఆకులున్నాయి. సీతంపేట అన్నయ్యగారి మాట ప్రకారం చలికోసమే ఆగుతాను. గోడ పక్క మిగిలిన మొక్కలను ఇప్పుడే తవ్వి ఎత్తుగా నాటమంటారా, ఆగమంటారా? కాయ కోశాక మొక్కను ఏం చేయాలి?

జవాబు 1 రాసినవారి మరుమాట

అమ్మా, ఇప్పుడు తవ్వవద్దు. చలికాలంలో వేరు నిదానిస్తుంది, తవ్విన మొక్క కుదురుకోవడానికి చాలా రోజులు తీసుకుంటుంది. గోడకూ మొక్కలకూ మధ్య జానెడు లోతు కాలువ తీసి నీరు బయటికి పోయేలా చేయండి, మొక్క మొదట్లోకి మొవ్వు మునగకుండా కొంచెం ఎర్రమట్టి ఎగదోయండి, అన్నభేది కొట్టండి. వేసవి చివర తొలకరికి ముందు ఇంకా కోలుకోనివాటిని తీసి, మునగ పక్కనున్న బలమైన మొక్కల పిలకలను కొత్త బోదె మీద నాటుకోండి. పిలకను కోసిన వెంటనే నాటకుండా నీడన కొన్నాళ్ళు ఆరబెట్టి, కోసిన గాయం ఎండి గట్టిపడ్డాక, అడుగున ఉన్న ఎండుటాకులు రెండు మూడు పొరలు ఒలిచి నాటితే కుళ్ళు పట్టదు. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు, వరుసకూ వరుసకూ 60 సెంటీమీటర్లు ఉంచండి.

పూసిన తర్వాత కాయ పక్వానికి రావడానికి ఐదు నెలలు పడుతుంది. అనాసను పచ్చిగా కోసి ఇంట్లో మగ్గబెడితే రంగు మారుతుంది కానీ తీపి పెరగదు, కాబట్టి తొందరపడకండి. కాయ అడుగు వరుసల కళ్ళు పసుపు రంగుకు తిరిగి, దగ్గరికి వెళితే వాసన తెలిసినప్పుడు కొడవలితో కాడను నాలుగు వేళ్ళ మేర ఉంచి కోయండి. తిన్నాక నాలుక చురుక్కుమంటే కంగారు వద్దు, మాంసకృత్తులను కరిగించే బ్రొమెలైన్ అనే పదార్థం పండులో ఉండటం వల్ల అలా అవుతుంది. వేడి తగిలితే అది పోతుంది, అందుకే వండిన అనాస పచ్చడికి ఆ చురుకు ఉండదు.

ఒకసారి కాసిన మొక్క మళ్ళీ కాయదు. దాని మొదట్లో, ఆకు మడతల్లో పుట్టిన పిలకలే మరుసటి కాపును ఇస్తాయి. మొదట్లో నేలకు దగ్గరగా ఉన్న ఒక్క బలమైన పిలకను ఉంచి మిగతావి తీసేయండి, రెండు మూడు ఉంచితే అన్నీ సన్నగానే మిగిలిపోతాయి. ఇలా పిలక మీద వచ్చే కార్శి పంటలో కాయ కొంత చిన్నదవుతుంది. మూడు నాలుగేళ్ళకు కాయ మరీ తగ్గిందనిపించినప్పుడు మొత్తం తీసి, పెరట్లో చోటు మార్చి కొత్త పిలకలతో మళ్ళీ వేసుకోండి.